చూడక పూసిన మందు

తెలుగులో తామర అన్న మాటకు రెండర్థాలున్నవి. ఒకటి కొలనులోని పూవు, రెండవది ఒంటిమీది జాడ్యం. ఉర్దూలో దాద్ అన్న మాటకూ అంతే. ముషాయిరాలో మంచి షేర్ వినిపించిన కవికి సభ పలికే మెప్పు దాద్. నడుము చుట్టూ వలయంగా పాకి రాత్రి నిద్ర చెరిచే దురద కూడా దాదే. మొదటిది పారసీకం నుండి వచ్చినది, రెండవది సంస్కృతంలోని దద్రువు నుండి పుట్టినది. ఇంగ్లీషువారు ఈ రోగానికి పెట్టిన రింగ్‌వర్మ్ అన్న పేరులో ఉంగరం ఉన్నది సరే, పురుగు మాత్రం రోగంలో ఎక్కడా లేదు. అది పురుగు కాదు, బూజు జాతికి చెందిన శిలీంధ్రం.

పేర్ల ముచ్చటతో వ్యాసం మొదలుపెట్టుట తెలుగు పంతుళ్లకు అలవాటే. కాని ఇక్కడ మేము చెప్పదలచినది ముచ్చట కాదు. ఒక రోగానికి మరొక రోగం పేరు పెట్టి, చూడకుండానే మందు పూసిన కారణాన మా ఇంటిలోనే ఒక పసివానికి కీడు జరుగబోయి తప్పినది. ఆ సంగతి చెప్పి, దానినుండి మేము నేర్చుకొన్నది మా విద్యార్థుల ముందుంచుటే ఈ వ్యాసం ఉద్దేశం. వైద్యం మా శాస్త్రం కాదు. మేము చదివినది తెలుగు ఎం.ఏ. మాత్రమే. అయినా పాఠం చెప్పు గదిలో బల్లల మీద కూర్చుండి, ఎవరూ చూడకుండా తొడ గోకికొనే యువకులను ఏటేటా చూచుచున్న వారము గనుక, ఈ విషయం మాట్లాడుటకు మాకు కొంత హక్కు ఉన్నదనుకొంటున్నాము.

రెండేళ్ల క్రిందట వానాకాలంలో మా చెల్లెలి ఆరేళ్ల కుమారుని తలమీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయినవి. వాని నానీ చూచి "బాల్‌ఖోరా" అన్నది. ప్రక్కింటి పిన్నిగారు చూచి "పేనుకొరుకుడు" అన్నారు. రెండు భాషలవారూ ఒకే మాట చెప్పిన తరువాత మాకు సందేహం లేకపోయినది. కొన్నాళ్లు ఉల్లిరసం రుద్దినారు. తగ్గలేదు. తరువాత మేమే సందుచివరి మందుల దుకాణానికి పోయి, "పేనుకొరుకుడుకు ఏమైనా ఇవ్వండి" అని అడిగినాము. దుకాణంలోని కుర్రవాడు బిడ్డను చూడలేదు, మేమూ చూపలేదు. ఒక గొట్టం మందు చేతిలో పెట్టినాడు. అది తీవ్రమైన స్టెరాయిడ్ మందు అని మాకు తరువాత తెలిసినది. మూడు వారాలు పూచినాము. ఒక బిళ్ల రెండు బిళ్లలైనది, పొట్టు లేచినది.

అప్పుడు గాని బిడ్డను జిల్లా కేంద్రంలోని చర్మవైద్యురాలి వద్దకు తీసికొని పోలేదు. ఆమె చిన్న టార్చిలైటు వంటి పరికరమొకటి తీసి, బిడ్డ తలమీద ఉంచి, కన్ను దగ్గర పెట్టి చూచినది. తరువాత దానికి తన ఫోను తగిలించి తెరను మా వైపు త్రిప్పి, "మాస్టారూ, మీరు తెలుగు చెబుతారు కదా, ఇది చదవండి" అన్నది. మేము చూచాము. బోసిగా ఉన్నదనుకొన్న ఆ చోట పొట్టి వెంట్రుకలు విరిగి, ఒక ప్రక్కకు వంగి, మేము విద్యార్థుల ప్రశ్నపత్రాలలో ఎర్రసిరాతో పెట్టే అల్పవిరామాల వలె ఉన్నవి. "వీటిని మా పుస్తకాలలో కామా వెంట్రుకలంటారు. ఇది పేనుకొరుకుడు కాదు, తలతామర. మీరు పూసిన మందు దీనికి ఎరువు" అన్నది ఆమె.

ఆ "ఎరువు" అన్న మాట మా మనస్సులో నాటుకొన్నది. పేనుకొరుకుడు శిలీంధ్రం వల్ల వచ్చునది కాదు. దేహంలోని రక్షకశక్తియే పొరబడి వెంట్రుకల కుదుళ్లపై దాడిచేయుట వలన వచ్చును. అందుచేత దానికి స్టెరాయిడ్ ఒక చికిత్స. తామరకు అదే స్టెరాయిడ్ శత్రువు. శిలీంధ్రాన్ని ఎదిరించు మంటను అది చల్లార్చి, బూజుకు ఎదురులేని రాజ్యం కట్టబెట్టును. ఒకే తల, ఒకే బోడిమచ్చ. ఒక రోగానికి మేలైన మందు మరొక రోగానికి చేటు. ఈ రెంటి నడుమ భేదాన్ని తేల్చవలసినది చూపు. ఆ చూపునకు సాయపడునదే డెర్మోస్కోపు. మనం దానిని చర్మదర్శిని అనుకొనవచ్చును.

ఈ చర్మదర్శినిలో మాయ ఏదియు లేదు. మన చర్మం పైపొర వెలుగును అద్దం వలె తిప్పికొట్టును, ఆ మెరుపులో లోపలి పొరలు కంటికి మరుగగును. చర్మంపై నూనెనో జెల్‌నో రాచి గాజుబిళ్లను ఆనించినచో ఆ మెరుపు తగ్గును. లేదా ధ్రువిత కాంతిని వాడినచో చర్మాన్ని తాకకుండానే చూడవచ్చును. సామాన్యంగా ఈ పరికరం ఉన్న దానిని పదిరెట్లు పెద్దదిగా చూపును. పై పొరలలోని రంగు, పొట్టు, సన్నని రక్తనాళాలు, వెంట్రుకల మొదళ్లు స్పష్టపడును. అంతే. 1663లో కోల్‌హౌస్ అను వైద్యుడు గోటిమొదటి రక్తనాళాలను సూక్ష్మదర్శినితో చూచినాడని వైద్యచరిత్రకారులు చెప్పుదురు. 1920లో జర్మనీలో యోహాన్ జాఫియర్ ఈ విద్యకు డెర్మటోస్కోపీ అను పేరు పెట్టినాడు. చేతపట్టు చిన్న పరికరం 1980ల చివరినాటికి గాని వైద్యుల జేబులకు చేరలేదు. ఆ తరువాత కూడ చాలకాలం దానిని పుట్టుమచ్చలలో క్యాన్సరును వెదకుటకే వాడినారు. మచ్చలను చూచు ఆ కన్ను తామర వైపు తిరిగినది ఈ శతాబ్దంలోనే. తలతామరలో కామా వెంట్రుకల సంగతి 2008లో, కార్కుమేకు వలె చుట్టలు తిరిగిన వెంట్రుకల సంగతి 2011లో వైద్యపత్రికలలో వెలువడినవి.

భాషాపండితులకు ఈ వెంట్రుకల లిపి మిక్కిలి ఆసక్తికరమైనది. తలతామరలో శిలీంధ్రం వెంట్రుకలోనికి చొచ్చుకొని పోయి దానిని గుల్లచేయును. గుల్లయైన వెంట్రుక వంగి విరిగి అల్పవిరామమగును. కొన్నిచోట్ల వెంట్రుకకు అడ్డంగా తెల్లని గీతలు ఏర్పడి తంతి ఆఫీసులోని మోర్సు సంకేతాల వలె కనబడును. కొన్నిచోట్ల తలకు సమంగా విరిగి నల్లని బిందువులై మిగులును. పేనుకొరుకుడులోనైతే వెంట్రుక మొదట సన్నమై కొనకు లావై, ఆశ్చర్యార్థక చిహ్నం వలె నిలిచి ఉండును. కుదుళ్లలో పసుపురంగు చుక్కలు అగపడును. నల్లని బిందువులు రెండు రోగాలలోను ఉండవచ్చును. అందువల్ల ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పుట తగదు. ఒక అక్షరంతో పద్యాన్ని నిర్ణయించలేము కదా!

ఒంటిమీది తామర సంగతి వేరు. అక్కడ పొట్టు అంచున పేరుకొని వెలుపలి వైపు లేచును. నడుమ చర్మం కొంత తేటపడి ఉండును. ఎర్రని చుక్కల వంటి నాళాలు ఎక్కువగా అంచునే కనబడును. సొరియాసిస్‌లో ఆ చుక్కలు మచ్చ అంతటా ఒకే తీరుగా పరచుకొని, వాటిపై తెల్లని పొట్టు ఉండును. తామరచోట ఉన్న నూగు వెంట్రుకలను కూడ వైద్యుడు చూచును. అవి వంగి, విరిగి, రంగు మారియున్నచో బూజు వెంట్రుక కుదుళ్లలోనికి దిగినదని అర్థం. అట్టిచోట పైపూతతో పని జరుగదు, కడుపులోనికి మందు కావలె. పూత చాలునా, మాత్ర కావలెనా అన్న ప్రశ్నకు ఇంత తేలికగా జవాబు సూచించు సాధనం మరొకటి వైద్యుని బల్లపై లేదని మా అభిప్రాయం. గోరుతామరలో కూడ ఇంతే. దెబ్బ తగిలి గోరు లేచినచో లేచినచోటి అంచు తిన్నగా ఉండును. బూజు పట్టిన గోటిలో ఆ అంచు రంపపు పళ్ల వలె లోనికి చొచ్చుకొనియుండును. ఏళ్ల తరబడి "ఏదో దెబ్బ తగిలింది" అనుకొని ఊరకున్నవారు ఎందరో.

అయితే ఈ పరికరాన్ని పొగడుటే మా పని కాదు. దాని హద్దులు కూడ చెప్పవలె. మొదటిది: పదిరెట్ల పెంపులో శిలీంధ్రం కనబడదు. బూజు చేసిన పాడు మాత్రమే కనబడును. దొంగ జారవిడిచిన చెప్పు దొరికినంతనే దొంగ దొరికినట్లు కాదు. దొంగను పట్టుకొనుటకు పాత పరీక్షే ఉన్నది. అంచున పొట్టును కొద్దిగా గీరి, గాజుపలకపై పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేసి, సామాన్య సూక్ష్మదర్శినిలో చూచుట. ఆ ద్రావణం చర్మకణాలను కరిగించి బూజుదారాలను మిగిల్చును. మా మేనల్లుని విషయంలో కూడ ఆ వైద్యురాలు తెరమీది కామాలతో తృప్తిపడక, పొట్టు గీరి ఆ పరీక్ష చేసి, దారాలు చూచిన తరువాతనే మందు వ్రాసినది. మేము ఆమెను గౌరవించుటకు ఇది పెద్ద కారణం. పరికరం ఉన్నవారందరికీ ఈ ఓర్పు ఉండదు.

రెండవది: ఈ విద్యలో తొలి పుస్తకాలు తెల్లచర్మాన్ని చూచి వ్రాసినవి. ఎర్రని చుక్కలు, ఎర్రని నాళాలు అని అవి చెప్పిన గుర్తులు మన గోధుమవన్నె, చామనచాయ చర్మాలలో అంత స్పష్టంగా కనబడవు. మన మేని రంగు వాటిని కప్పివేయును. ఇక్కడ మచ్చ ఎరుపు కంటె గోధుమరంగుగా, నల్లగా అగపడును. అందుచేత మన వైద్యులు ఎరుపును నమ్ముకొనక, పొట్టు తీరును, వెంట్రుక తీరును ఎక్కువగా చూడవలసియున్నది. మన దేశపు చర్మవైద్యులు ఈ దిశలో కొన్నేళ్లుగా పరిశోధనలు ప్రకటించుచున్నారు. పరాయివాని నిఘంటువుతో మన మాండలికానికి అర్థం చెప్పుట ఎంత కష్టమో తెలిసిన మాకు ఈ కృషి విలువ తెలియును.

మూడవది: ఆనించి చూచు పరికరాన్ని ఒకరి చర్మం నుండి మరొకరి చర్మానికి తుడవకుండా మార్చినచో అదే అంటు మోయును. స్పిరిటుతో తుడుచుట, తాకకుండా చూచు పరికరాన్ని వాడుట అవసరం. రోగిగా మనం ఈ మాట అడుగుటకు సిగ్గుపడరాదు.

ఇక అసలు వివాదానికి వద్దాం. "తామరకు ఇంత ఆర్భాటమా? మా తాతలు తగిరిసాకు నూరి పూసికొన్నారు, పోయినది" అనువారున్నారు. నిజమే. తగిరిసకు సంస్కృతంలో చక్రమర్దమనియు దద్రుఘ్నమనియు పేర్లున్నవి. తామరను చంపునది అని రెండవ పేరుకు అర్థం. పెద్దల అనుభవాన్ని మేము తేలిక చేయము. కాని నేటి తామర తాతలనాటి తామర కాదు. గత పదేళ్లకు పైగా మన దేశంలో తామర తీరు మారినది. పూర్వం రెండు మూడు వారాలకు లొంగినది నేడు నెలల తరబడి వదలుట లేదు. ఒకరికి వచ్చినచో ఇంటిల్లిపాదికి అంటుచున్నది. తామరతంపర అన్న నుడికారాన్ని మేము తరగతిలో వంశాభివృద్ధికి ఉదాహరణగా చెప్పుచుంటిమి. ఇప్పుడు ఆ మాట పలుకునప్పుడు వెనుక బెంచీలలో నవ్వు వినబడుచున్నది. ఈ కొత్త తామరకు కారణమైన శిలీంధ్రానికి 2020లో జపాను పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టినారు. భారత, నేపాల్ దేశాల రోగుల నుండి తీసిన నమూనాలను పరిశీలించి పెట్టిన పేరది. అందులో మన దేశం పేరు ఉన్నది. టెర్బినాఫిన్ అను ముఖ్యమైన మందుకు ఈ జాతి చాలసార్లు లొంగుట లేదు. 2023లో అమెరికా దేశంలో కూడ ఈ రోగులు కనుగొనబడినారని అక్కడి వైద్యశాఖ ప్రకటించినది. దేశం పేరు ప్రపంచానికి చాటవలసిన మార్గాలు వేరే ఉన్నవి. ఈ కీర్తి మనకు వద్దు.

ఇది ఎందుకిట్లయినది? వేడి, చెమట, బిగుతు దుస్తులు, క్రిక్కిరిసిన వసతిగృహాలు ఉన్నవి. బూజు తన గుణం తాను మార్చుకొనుట కూడ ఒక కారణం. కాని మన చేతులతో మనం చేసిన అపరాధం ఒకటి వీటన్నిటితో కలిసినది. అది గొట్టపు మందు. ఒకే గొట్టంలో స్టెరాయిడ్, బాక్టీరియాను చంపు మందు, బూజును చంపు మందు మూడును కలిపి అమ్ముట మన అంగళ్లలో ఏళ్లతరబడి సాగినది. దేనికి ఏది పనిచేయునో చూడనక్కరలేదు, ఏదో ఒకటి తగులునన్న లెక్క అది. స్టెరాయిడ్ వల్ల రెండురోజులలో దురద తగ్గును. రోగి "మంచి మందు" అని పదిమందికి చెప్పును. లోపల బూజు పెరుగును. పూత ఆపినంతనే దురద రెట్టింపై లేచును. మరల పూయును. కొన్నాళ్లకు వలయంలో వలయం ఏర్పడి, అంచు చెరిగి, తామర తన రూపమే కోల్పోవును. ఇంగ్లండులో ఇద్దరు వైద్యులు 1968లోనే దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అను పేరు పెట్టినారు. మారువేషంలోని తామర అని దాని భావం. మారువేషం వేసినది తామర కాదు, మనమే వేయించినాము.

మా పూర్వవిద్యార్థి ఒకడు డిగ్రీ రెండవ సంవత్సరంలో ఉండగా ఎనిమిది నెలలు ఇట్టి మందును తొడలకు పూసినాడు. ఎవరికీ చెప్పుకొనలేదు. చివరకు మా వద్దకు వచ్చి తలవంచుకొని నిలిచినాడు. "తామర తగ్గిందిగాని చర్మం చినిగింది సార్" అన్నాడు. బిడ్డను కన్న తల్లి పొట్టపై వచ్చు చారల వంటివి, అంతకంటె వెడల్పుగా, ఇరవై ఏళ్ల యువకుని తొడలపై ఏర్పడినవి. ఆ చారలు పోవునవి కావని వైద్యులు చెప్పినారు. నిజానికి తామరయు పూర్తిగా తగ్గలేదు. చర్మదర్శినిలో చూచినప్పుడు ఒకే చోట రోగం చేసిన గాయం, మందు చేసిన గాయం రెండును కనబడినవట. పలుచబడిన చర్మం క్రింద కొమ్మలు వేసిన రక్తనాళాలు మందు వ్రాత. అంచున మిగిలిన పొట్టు, విరిగిన నూగు వెంట్రుకలు బూజు వ్రాత. రెండు చేతివ్రాతలను వేరుచేసి చదువగలుగుట ఈ పరికరం మేలులలో ముఖ్యమైనదని మేము భావిస్తున్నాము.

చికిత్స తొందర ఎట్టి చేటు తెచ్చునో చరిత్రలో ఇంతకంటె ఘోరమైన ఉదాహరణ ఉన్నది. తలతామరకు లోనికి మింగు మందు లేని కాలంలో, వెంట్రుకలు రాల్చుటకు పిల్లల తలలపై ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేసెడివారు. ఇజ్రాయెల్‌లో 1948 తరువాత వలసవచ్చిన కుటుంబాల పిల్లలకు వేలసంఖ్యలో ఈ చికిత్స జరిగినది. ఆ పిల్లలు పెరిగిన తరువాత వారిలో మెదడు కణుతులు, థైరాయిడ్ క్యాన్సరు హెచ్చుగా ఉన్నవని 1974లో పరిశోధకులు వెల్లడించినారు. 1994లో ఆ దేశం నష్టపరిహారానికి చట్టం చేసినది. గ్రీసియోఫుల్విన్ అను మాత్ర 1958 నాటికి మనుష్యుల చికిత్సకు వచ్చి ఆ కిరణాల అవసరం తీర్చినది. మా మేనల్లుడు అదే మాత్ర కొన్ని వారాలు మింగినాడు. వాని తలపై వెంట్రుకలు మరల వచ్చినవి. తామర ప్రాణం తీయునది కాదు. ప్రాణం తీయని రోగానికి బ్రతుకంత కాలపు మచ్చను మందుగా ఇచ్చుట ఏ న్యాయం?

ప్రభుత్వం ఏమి చేయలేదని అనలేము. 2018లో పదునాలుగు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో చేర్చినారు. చట్టం కాగితంమీద ఉన్నది. అంగడిలో చీటీ అడుగువాడు అరుదు. దుకాణదారుని ఒక్కనినే దూషించుట కూడ ధర్మం కాదు. చీటీ లేకుండా అడిగిన వారిలో మేమున్నాము. రోజుకు వందమందిని చూడవలసిన వైద్యుడు చొక్కా ఎత్తించకుండానే మందు వ్రాయుట చూచినాము. చూచుటకు తీరిక లేని వైద్యం, చూపుటకు మనసు రాని రోగి, చూడనక్కరలేని మందు ఈ మూడింటి పొత్తు వల్ల బూజు బ్రతుకుచున్నది.

చూపుటకు మనసు రాదన్న మాట వివరించవలె. తామర పుట్టుచోట్లు గజ్జలు, పిరుదులు, రొమ్ముల క్రింద, నడుము. మన ఇండ్లలో ఆడపిల్ల ఈ మాట తల్లికి చెప్పుటే కష్టం. తల్లి కొడుకుతో చెప్పి, కొడుకు దుకాణంలో వర్ణించి, మందు తెచ్చును. రోగి ఒకచోట, వర్ణన ఒకచోట, మందు ఒకచోట! దానిని సిగ్గు అందాము, మర్యాద అందాము. దాని మూల్యం మాత్రం ఆ పిల్ల చర్మమే చెల్లించుచున్నది. ఆడవైద్యులున్న చోటికి పంపుట, మచ్చ ఉన్న కొద్దిమేర మాత్రమే చూపి పరీక్ష చేయించుకొనుట సాధ్యమే. చర్మదర్శినికి కొద్దిమేరే చాలును. ఫోనులో తీసిన చిత్రాన్ని రోగి అనుమతి లేకుండ దాచరాదు, ఎవరికీ పంపరాదు అన్న నియమం మాత్రం కచ్చితంగా ఉండవలె. నమ్మకం లేనిచోట ఎంత మంచి పరికరమైనా పెట్టెలోనే ఉండిపోవును.

కొందరు మిత్రులు మాతో వాదించినారు: "యంత్రం వచ్చినచో వైద్యుని బుద్ధి మొద్దుబారును. ఫీజు పెరుగును. చేతితో తాకి కంటితో చూచు వైద్యమే మేలు" అని. ఫీజు భయంలో నిజమున్నది. దర్శిని పేరు చెప్పి రోగి జేబు తడుమువారు బయలుదేరవచ్చును. కాని దానికి మందు పరికరాన్ని నిషేధించుట కాదు. ప్రభుత్వాసుపత్రిలో దానిని ఉచితంగా అందుబాటులో ఉంచుట. ఈ పరికరం స్కానింగు యంత్రాల వంటి ఖర్చుగలది కాదు. కరెంటు పోయినా బ్యాటరీతో పనిచేయును. ఇక పొట్టు పరీక్షకు కావలసిన సూక్ష్మదర్శిని, క్షయరోగపు కళ్లె పరీక్ష కొరకు అనేక ఆరోగ్యకేంద్రాలలో ఇప్పటికే ఉన్నది. లోపించినవి గాజుపలకపై చుక్క వేయు అలవాటు, పది నిమిషాల ఓర్పు. బుద్ధి మొద్దుబారునన్న భయం మాత్రం మేము ఒప్పుకొనలేము. మేము చూచినంతలో ఆ పరికరం వైద్యురాలిని తొందరపెట్టలేదు, ఆపినది. వంగి, దగ్గరగా, ఒక బిడ్డ తలను రెండు నిమిషాలు చూచునట్లు చేసినది. అంతకుముందు ఆ తలను మేమెవ్వరమూ అట్లు చూడలేదు.

కనుక మేము కోరునది ఇది. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఒక చర్మదర్శిని, దానిని చదువగల వైద్యుడు, ప్రక్కన పొట్టు పరీక్షకు ఏర్పాటు ఉండవలె. దర్శిని అనుమానం చెప్పవలె, సూక్ష్మదర్శిని సాక్ష్యం చెప్పవలె, మందు ఆ తరువాత రావలె. 2018 నాటి నియమం అంగడి గడప దాటి లోపలికి రావలె.

ప్రభుత్వం చేయునంతవరకు మనం చేయగలిగినవి లేకపోలేదు. మా విద్యార్థులకు నాలుగు మాటలు. ఒకరి తువాలు, ఒకరి దువ్వెన, ఒకరి లోదుస్తులు మరొకరు వాడరాదు. తడిసిన బట్ట ఒంటిమీద ఆరనీయరాదు. ఉతికినవాటిని ఎండలో తిరగవేసి ఆరవేయవలె. కాళ్లు కడుగుకొన్న తరువాత వ్రేళ్ల నడుమ తుడుచుకొనవలె. ఇంటిలో ఎందరికి తామర ఉన్నదో అందరూ ఒకేసారి చికిత్స చేయించుకొనవలె. దురద తగ్గినంతనే మందు మానరాదు, వైద్యుడు చెప్పినంతకాలం వాడవలె. అన్నిటికంటె ముఖ్యం: చేతిలోని గొట్టంమీద చిన్న అక్షరాలతో ఏమున్నదో చదువవలె. క్లోబెటాసోల్, బీటామెథసోన్, మొమెటసోన్ వంటి పేర్లు అక్కడ ఉన్నచో అది స్టెరాయిడ్. వైద్యుడు కంటితో చూచి వ్రాయని ఎడల తామర మచ్చపై దానిని పూయరాదు. ఇన్నేళ్లు కళాశాలలో చదువుకొన్నవారము, ఒక గొట్టంమీది నాలుగు మాటలు చదువలేకపోయినచో ఆ చదువు దేనికి?

మా మేనల్లుడు ఇప్పుడు మూడవ తరగతి చదువుచున్నాడు. మొన్న కామా ఎక్కడ పెట్టవలెనో మమ్మడిగినాడు. "చదువునప్పుడు కొద్దిగా ఆగవలసిన చోట పెట్టవలె" అని చెప్పినాము. "నా తలమీద ఉండేవి కదా మామూ, అవేనా?" అన్నాడు. అవేనన్నాము. నిజానికి ఆ అల్పవిరామాలను ముందుగా చదువవలసినది మేము. ఆగవలసిన చోట ఆగకుండ మందు పూచితిమి.